చదువు చెప్పిన ఊరు



అమ్మాయిని పైచదువులకి వేరే ఊరు పంపవలసి వచ్చినప్పుడు మనం ముందుగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. హాస్టలుందా? భోజనం ఎలా ఉంటుంది? నీళ్ళకి ఇబ్బంది లేదు కదా? రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు? ఆ ఊళ్ళో మనవాళ్ళెవరైనా ఉన్నారా? ఇవన్నీ కన్నకడుపు అడిగే ప్రశ్నలు. తప్పుపట్టవలసింది ఏమీ లేదు. కాని మనం సాధారణంగా అడగని ప్రశ్న మరొకటుంది. ఆ ఊరు మన పిల్లకి ఏం నేర్పుతుంది?

ఊరు నేర్పడమేమిటి, నేర్పేది మేష్టర్లు కదా అనుకుంటాం. కాని చదువుల చరిత్ర చూస్తే ఊరికీ విద్యాలయానికీ ఉన్న బంధం చాలా పాతది. నలందలో చదువుకునేవాళ్ళకి చుట్టుపక్కల పల్లెల నుంచి రోజూ బియ్యం, పాలు, వెన్న వచ్చేవని చైనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్ చరిత్రలో ఉంది. కడుపుకి తిండి పెట్టిన ఊళ్ళు అవి. బుద్ధికి తిండి పెట్టిన ఊరు గురించి ఇవాళ చెప్పుకుందాం. మనకి బాగా తెలిసిన ఊరే. వాల్తేరు, అంటే మన విశాఖపట్నం.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. పుట్టింది మాత్రం వాల్తేరులో కాదు, బెజవాడలో. దాన్ని ఎక్కడ ఉంచాలన్న దాని మీద పెద్ద తగవే నడిచింది. బెజవాడ వాళ్ళు మా ఊళ్ళోనే ఉండాలన్నారు. రాజమండ్రి వాళ్ళు గోదావరి ఒడ్డున ఉంటే బాగుంటుందన్నారు. రాయలసీమ వాళ్ళు అనంతపురం కావాలన్నారు. పెళ్ళివారు విడిది కోసం తగవులాడుకున్నట్టు ఈ వాదం కొన్నేళ్ళు సాగి, చివరికి 1930లో యూనివర్శిటీ వాల్తేరు చేరింది. అనంతపురం వాళ్ళ బాధ అక్కడితో తీరలేదు. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో యూనివర్శిటీ కేంద్రం పెట్టాలన్న మాట కూడా ఒకటి. ఒక యూనివర్శిటీ దగ్గర్లో ఉండడమంటే ఏమిటో ఆనాటి పెద్దలకి బాగా తెలుసన్నమాట.

అప్పటికి విశాఖపట్నం ఇంత పెద్ద ఊరేమీ కాదు. అయితే చదువులు కొత్తవి కావు. 1923లోనే మెడికల్ కాలేజీ వచ్చింది. దానికి ఎంతో ముందు నుంచీ మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ఉంది. నోబెల్ బహుమతి అందుకున్న సి.వి. రామన్ గారి తండ్రి అందులో లెక్చరరు. రామన్ గారి చిన్నతనం విశాఖలోనే గడిచింది. పదకొండో ఏటనే ఆయన మెట్రిక్ పాసయింది ఇక్కడే. ఇంతకీ ఆ కాలేజీ పేరు గమనించారా? అంకితం వెంకట నరసింగరావు గారి భార్య పేరు మీద వెలిసిన కాలేజీ అది. ఆవిడ సొంత పేరు మాత్రం బోర్డు మీద లేదు. ఫలానా వారి భార్య అన్నదొక్కటే ఉంది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

కొత్త యూనివర్శిటీకి డబ్బు కావాలి కదా. జయపూరు మహారాజు విక్రమదేవవర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. జయపూరు ఇప్పుడు ఒడిశాలో ఉంది గాని, ఆ రోజుల్లో అది విశాఖపట్నం జిల్లాలోని సంస్థానం. సైన్సు కాలేజీ ఆయన పేరు మీదనే వెలిసింది. కొండలకి ఆవలి సీమ కూడా ఈ చదువులకి తన వంతు ఇచ్చిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

సరే, ఇక ఊరు నేర్పిన పాఠాలు చూద్దాం. మొదటి పాఠం సముద్రానిది.

యూనివర్శిటీ వచ్చేనాటికి విశాఖలో హార్బరు పని జోరుగా సాగుతోంది. ఉప్పునీటి బురద నేలను తవ్వి ఓడలు లోపలికి వచ్చే దారి చేస్తున్నారు. సముద్రం అడుగు తవ్వే ఓడను ఇంగ్లీషులో డ్రెడ్జరంటారు. దానికి తెలుగులో ‘తవ్వోడ’ అనే చక్కటి మాట ఉంది. తవ్వే ఓడ తవ్వోడ. ఎవరికి అర్థం కాదు చెప్పండి? అలలకి అడ్డుకట్ట వెయ్యడానికి రెండు పాత ఓడల్ని తీసుకొచ్చి, రాళ్ళతో నింపి, సముద్రంలో ముంచేశారు. 1933లో హార్బరు తెరిచారు. కాలేజీ కుర్రాళ్ళు పుస్తకంలో చదువుకునే ఇంజనీరింగు వాళ్ళ కళ్ళ ముందే నడిచింది.

అయితే సముద్రాన్ని నిజంగా పాఠ్యపుస్తకంగా తెరిచింది 1952లో వచ్చిన ఒక అమెరికన్ శాస్త్రవేత్త. ఆయన పేరు యూజీన్ లాఫాండ్. ఆయన భార్య కేథరిన్ కూడా సముద్ర శాస్త్రంలో పనిచేసిన మనిషే. మన దేశంలో సముద్ర శాస్త్రాన్ని ఒక చదువుగా నిలబెట్టిన వాళ్ళలో వాల్తేరు వాళ్ళే ముందు. లాఫాండ్ గారు విద్యార్థుల్ని వెంటపెట్టుకుని, నౌకాదళం ఓడల మీద వెళ్ళి, సముద్రంలో ఎంత లోతున ఎంత వేడి ఉందో కొలిచారు.

అప్పుడొక చిత్రమైన సంగతి తేలింది. ఎండాకాలం మొదట్లో, ఒడ్డున మనకి చెమటలు పడుతుంటే, వాల్తేరు తీరంలో సముద్రపు నీరు కొన్ని రోజుల పాటు చల్లబడుతుంది. ఎందుకంటారు? కాగిన పాలగిన్నె మీద నోటితో ఊదితే ఏమవుతుంది? మీగడ అవతలి పక్కకి జరుగుతుంది, అడుగునున్న పాలు పైకి కనిపిస్తాయి. ఇక్కడా అలాంటిదే. నైరుతి నుంచి తీరం వెంబడి వీచే గాలి, భూమి తిరుగుడు, రెండూ కలిసి పైనున్న వేడి నీటిని ఒడ్డు నుంచి లోపలికి నెట్టేస్తాయి. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో చేపల ఆహారానికి కావలసిన సత్తువంతా ఉంటుంది. మనం బజార్లో బేరమాడే చేప ధర వెనక ఇంత కథ ఉందన్నమాట.

తర్వాత 1960లలో ఈ తీరానికి దూరంగా, సముద్రం అడుగున లోతైన లోయలు కనిపెట్టారు. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ గారు ఈ యూనివర్శిటీలో భూగర్భ శాస్త్రం చెప్పిన ఆచార్యులు. మేష్టరి పేరు వీధికి పెట్టడం విన్నాం గాని, సముద్రం కింది లోయకి పెట్టడం మాత్రం అరుదే.

సముద్రానికి వీపు పెట్టి నిలబడితే కొండలు. ఈ కొండల్లో ఉన్న రాయిని ‘ఖోండలైట్’ అంటారు. ఆ పేరు పెట్టింది వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు, 1902లో. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరే దానికి పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఈ జాతి రాయి కనిపించినా మన కొండజనం పేరే చెప్పాలి. భీమునిపట్నం దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. సినిమా పాటల్లో చూసే ఉంటారు. సముద్రం ఇప్పటి కన్నా బాగా లోపలికి ఉన్న కాలంలో గాలికి ఎగిరొచ్చిన ఇసుక, వేల ఏళ్ళ పాటు పేరుకుని, ఎర్రబడి దిబ్బలైంది. ఇంకా పైకి పోతే బొర్రా గుహలు. సున్నపురాయిని నీరు కరిగించి చేసిన పని అది. ఇంటి కొళాయి కింద బిందెకి తెల్లటి పొర కడుతుంది చూడండి, ఆ పనే అక్కడ కొన్ని లక్షల ఏళ్ళ పాటు జరిగింది. భూగర్భ శాస్త్రం చదివే పిల్లలకి ఇంతకన్నా పెద్ద లాబొరేటరీ ఎక్కడ దొరుకుతుంది?

రసాయన శాస్త్రం వాళ్ళకి కూడా ఊరు వెలితి చెయ్యలేదు. టి.ఆర్. శేషాద్రి గారని గొప్ప కెమిస్ట్రీ ఆచార్యులు, 1930లలో వాల్తేరు వచ్చారు. ఆయనా, ఆయన శిష్యులూ దేని మీద పరిశోధన చేశారనుకున్నారు? విదేశాల నుంచి తెప్పించిన సరుకు మీద కాదు. పత్తిపువ్వులోనూ, గోగుపువ్వులోనూ ఉన్న పసుపు రంగు ఏ పదార్థం వల్ల వచ్చిందో తేల్చారు. గోగంటే మన గోంగూరేనండి. ఆకు మనం పచ్చడికి తీసుకుంటే, పువ్వు ఆయన పరిశోధనకి పట్టుకుపోయారు. మన పెరట్లో ఉన్నదాన్ని కళ్ళు విప్పి చూడడమే చదువంటే.

ఇక చరిత్ర విద్యార్థుల మాట. వాళ్ళ పుస్తకాలు రాళ్ళ మీద ఉన్నాయి. సింహాచలం అప్పన్న దర్శనానికి మనమంతా వెళ్తాం. చందనం తీసుకుని, ప్రసాదం తిని వచ్చేస్తాం. ఆ స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. పదకొండో శతాబ్దం చివరి నుంచి ఉన్నాయి. ఎవరు ఏ దీపానికి ఏమిచ్చారు, ఏ పూలతోటకి ఎవరిని పెట్టారు, అన్నీ లెక్కలే. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ మీదికి దండెత్తి వచ్చినప్పుడు ఇక్కడికి వచ్చి, నగలు సమర్పించి, శాసనం వేయించాడు. రాణులిద్దరి పేర్లూ అందులో ఉన్నాయి. అనకాపల్లి దగ్గర శంకరంలో కొండనే తొలిచి బౌద్ధులు స్తూపాలు, గుహలు చేసుకున్నారు. 1907, 1908 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు చేశాడు. భీమిలి దారిలోని బావికొండ, తొట్లకొండ బయటపడింది చాలా తర్వాత. 1980లలో గాని ఆ తవ్వకాలు మొదలు కాలేదు. సముద్రం కనిపించే కొండ మీద, నీటికి తొట్లు తొలుచుకుని, రెండువేల ఏళ్ళ కిందటే బౌద్ధ భిక్షువులు కాపురం ఉన్నారన్నమాట. ఈ కొండల మీద మొదటి హాస్టళ్ళు అవే అనుకోవచ్చు.

ఊరంటే రాళ్ళూ నీళ్ళూ మాత్రమే కాదు, మనుషులు కూడా. రాధాకృష్ణన్ గారు 1931 నుంచి 1936 దాకా వైస్ ఛాన్సలరుగా ఉన్న రోజుల్లో హీరేన్ ముఖర్జీ, హుమాయూన్ కబీర్ లాంటి వాళ్ళు బెంగాల్ నుంచి వచ్చి పాఠాలు చెప్పారు. తెలుగు చెప్పడానికి పింగళి లక్ష్మీకాంతం గారు వచ్చారు. అబ్బూరి రామకృష్ణారావు గారు లైబ్రేరియన్. కవి గారే పుస్తకాలకి కాపలా ఉంటే ఇక కావలసిందేముంది! శ్రీశ్రీ ఈ ఊరివాడే. రావిశాస్త్రి గారు ఈ ఊరి కోర్టుల్లో ప్లీడరీ చేస్తూ, బీదజనం మాటను కథల్లోకి తెచ్చారు. రైలెక్కితే కాసేపట్లో విజయనగరం. గురజాడ వారి ఊరు, ద్వారం వారి ఫిడేలు పలికిన ఊరు. తెలుగు చదివే పిల్లకి సిలబసు బయట ఇంత సాహిత్యం వీధుల్లో నడిచింది.

ఊరు ఇచ్చేది ఎప్పుడూ మంచే అని చెప్పను. ఏ హార్బరు వల్ల ఊరు పెరిగిందో ఆ హార్బరు వల్లనే యుద్ధం కూడా గుమ్మంలోకి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగెత్తారు. యూనివర్శిటీ భవనాలు మిలటరీ వారి కిందకి వెళ్ళాయి. చదువులు గుంటూరుకి తరలిపోయి, యుద్ధం ముగిశాక గాని తిరిగి రాలేదు. తర్వాత 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ ఊరూ విద్యార్థులూ ఒక్కటై లేచారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగి, ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో ఇందిరాగాంధీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. ఆ ఫ్యాక్టరీ పునాదిలో తల్లుల కన్నీళ్ళు కూడా ఉన్నాయి. ఊరు తన సుఖంతో పాటు తన కష్టం కూడా విద్యార్థికి పంచుతుంది. అదీ చదువే. కాకపోతే ఖరీదైన చదువు.

ఇంతవరకూ విన్నాక మీకొక అనుమానం రావాలి. ఈ సముద్రం, ఈ కొండలు, ఈ శాసనాలు, ఇవన్నీ ఆడపిల్లలకి కూడా దొరికాయా?

వెంటనే దొరకలేదు. ఇప్పుడు ఆ బోర్డు మీద సొంత పేరు లేని ఇల్లాలిని గుర్తుచేసుకోండి. కాలేజీకి ఆడవాళ్ళ పేరు పెట్టడం వేరు, కాలేజీలోకి ఆడవాళ్ళని రానివ్వడం వేరు.

1930ల చివరి సంగతి. ఒకామె బి.ఎ. ఆనర్సు చదువుతానని వాల్తేరు వచ్చింది. ఎనిమిదో ఏట పెళ్ళి చేస్తే, పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దనుకుని బయటికి వచ్చిన మనిషి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి వచ్చిన మనిషి. ప్రైవేటుగా చదివి మెట్రిక్ పాసైన మనిషి. ఆమె దుర్గాబాయి. అప్పుడు వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1930లో ప్రభుత్వం సత్యాగ్రహుల మీద చేసిన దౌర్జన్యానికి నిరసనగా ఈ పదవినే వదులుకున్న పెద్దమనిషి ఆయన, మళ్ళీ 1936లో వచ్చారు. అంతటి ఆయనా వెనకాడారు. ఆడపిల్లలకి హాస్టలు లేదు, ఎలా చేర్చుకోను అన్నారు. చదువుకోవద్దనలేదు చూశారా. ఉండడానికి చోటు లేదన్నారు, అంతే. కాని ఆడపిల్ల విషయంలో ఆ రెండు మాటల అర్థం ఒక్కటే.

దుర్గాబాయి ఏం చేసిందో తెలుసా? ఏడవలేదు, ఇంటికి పోలేదు. పత్రికలో ప్రకటన వేసింది. ఆంధ్ర యూనివర్శిటీలో చదవాలని ఉండీ, హాస్టలు లేక ఆగిపోయిన ఆడపిల్లలు ఎవరైనా ఉంటే నాకు రాయండి అంది. పదిమంది దాకా రాశారు. అందరూ కలిసి ఒక చోటు చూసుకుని, తామే హాస్టలు మొదలుపెట్టుకున్నారు. ఇక కాదనడానికి కారణమేముంది? చేర్చుకున్నారు.

నా మట్టుకు నాకు, వాల్తేరు యూనివర్శిటీ చరిత్రలో హార్బరు కన్నా, రాజుగారి లక్ష కన్నా, ఆ పదిమంది ఆడపిల్లలు కుదుర్చుకున్న ఆ చోటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఆ చోటు దొరకబట్టే మిగతావన్నీ వాళ్ళకి దొరికాయి. ఆ దుర్గాబాయే తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. 1958లో స్త్రీల చదువు గురించి దేశానికి సలహా చెప్పడానికి వేసిన జాతీయ కమిటీకి అధ్యక్షురాలైంది. హాస్టలు లేదని ఆగిపోవలసిన మనిషి దేశంలోని ఆడపిల్లల చదువుకి దారి చెప్పిందంటే, ఆ పాఠం ఆమెకి ఏ తరగతి గదిలో దొరికి ఉంటుందంటారు?

ఇప్పుడు హాస్టళ్ళకి కొదవ లేదు. ఆడపిల్లలు మగపిల్లలకి దీటుగా చదువుతున్నారు, చాలా చోట్ల మించి చదువుతున్నారు. అయినా ఒక్క మాట అడుగుతాను. ఏమీ అనుకోకండి. భూగర్భ శాస్త్రం చదివే అమ్మాయి, కాలేజీ వాళ్ళతో పది రోజులు కొండలకి వెళ్ళాలంటే మనలో ఎంతమంది వెంటనే సరేనంటాం? చరిత్ర చదివే అమ్మాయి ఆదివారం స్నేహితురాళ్ళతో బస్సెక్కి శంకరం చూసొస్తానంటే, ‘ఎందుకే ఆ గుట్టలు, హాస్టల్లో కూర్చుని చదువుకో’ అనే కదా అంటాం? హాస్టళ్ళ సంగతీ అంతే. మగపిల్లల గేటు కన్నా ఆడపిల్లల గేటు ముందే మూసుకునే చోట్లు ఇవాళ్టికీ చాలా ఉన్నాయి. అప్పుడు చోటు లేదన్నారు. ఇప్పుడు చోటిచ్చి, అందులోనే ఉండమంటున్నాం.

భయం ఉండదా అంటే ఉంటుంది. ఆడపిల్లని కన్న ఏ తల్లికైనా ఉంటుంది. ఆ భయాన్ని తీసిపారెయ్యమని నేను చెప్పను. భయానికి తగిన జాగ్రత్త ఉంటుంది. తోడు ఎవరో, ఏ బస్సో, ఎన్నింటికి తిరిగొస్తారో కనుక్కోండి. వెలుతురున్న దారి, టైముకి వచ్చే బస్సు, ఆడపిల్లలకి నీళ్ళగదులు ఉండాలని కాలేజీ వాళ్ళని అడగండి. తల్లులు పదిమంది కలిసి అడిగితే వినక ఏం చేస్తారు? దుర్గాబాయికి జవాబు రాసిందీ పదిమందే. జాగ్రత్త పేరు చెప్పి పిల్లని గదిలో కూర్చోబెడితే మాత్రం, మనం ఫీజు కట్టింది సగం యూనివర్శిటీకే అవుతుంది. మిగతా సగం గేటు బయట ఉంది.

ఈసారి అమ్మాయి సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు మార్కుల సంగతి తర్వాత అడగండి. ‘మీ ఊళ్ళో ఏం చూశావే?’ అని ముందు అడిగి చూడండి. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేకపోతే, ఆ తప్పులో మనకీ వాటా ఉందేమో కాస్త ఆలోచిద్దాం. ఈసారి మీరు విశాఖ వెళితే, అప్పన్న దర్శనం అయ్యాక, ఆ స్తంభాల దగ్గర ఒక్క అయిదు నిమిషాలు ఆగండి. అక్షరాలు చదవడం రాకపోయినా ఫరవాలేదు, చేత్తో తడిమి చూడండి. పక్కన అమ్మాయి ఉంటే, వాటిలో ఏముందో కనుక్కుని వచ్చి నాకు చెప్పమని అడగండి.